ఎవరివాడివి నాయనా?

‘నా’, ‘నీ’, ‘మా’, ‘మీ’... మాటలు వచ్చీరాని వయసులోనే పిల్లల నోట పలికే ఈ బుల్లి పదాలు గ్రీకు నేర్చుకునేవాళ్ళని మాత్రం ముప్పుతిప్పలు పెడతాయి. ఒకప్పుడు గ్రీకువాళ్ళనే తికమకపెట్టాయి. చివరికి ఆ భాష తన పాత ‘మా’నీ పాత ‘మీ’నీ వదిలేసి కొత్తవి తయారుచేసుకోవాల్సి వచ్చింది!

గ్రీసులో ఏ పల్లెటూరికైనా కొత్త పిల్లాడొచ్చాడంటే- సెలవులకి తాతగారింటికి వచ్చినవాడే అనుకోండి- వీధిలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దావిడ వాణ్ణి ఆపి ముందు పేరు అడగదు. ‘తీనోస్ ఈసే?’ అంటుంది. ‘ఎవరివాడివి?’ అని దానర్థం. మన పల్లెల్లో ‘ఎవరబ్బాయివిరా?’ అని అడిగినట్టే. వాడు పెద్ద వంశవృక్షం చెప్పక్కర్లేదు. తాత పేరు యోర్గోస్ అయితే ‘తు యోర్గు’ అంటే చాలు. ‘యోర్గోస్‌ వాళ్ళవాణ్ణి’ అన్నమాట. పెద్దావిడకి సంగతంతా తెలిసిపోతుంది.

ఆ జవాబులో ఒక చిన్న మార్పు గమనించారా? యోర్గోస్ కాస్తా యోర్గు అయ్యాడు. ‘ఫలానావారి’ అని చెప్పాలంటే గ్రీకులో పేరు చివర ఇలా మారిపోతుంది. మన భాషలో చెప్పాలంటే షష్ఠీ విభక్తి. ‘నా, నీ, అతని, ఆమె’ లాంటి మాటలన్నీ కూడా ఆ విభక్తి సంతానమే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. నోరు తిప్పబోతేనే అసలు కథ మొదలవుతుంది.

తోకలా వెనకాల...

మనం ‘నా ఇల్లు’ అంటాం. ఇంగ్లిషువాళ్ళూ హిందీవాళ్ళూ కూడా ‘నా’నే ముందు చెబుతారు. గ్రీకువాళ్ళు మాత్రం ‘తో స్పీతి ము’ అంటారు. స్పీతి అంటే ఇల్లు. ము అంటే నా. ముందున్న ‘తో’ ఇంగ్లిషులో ‘ద’ లాంటిది. అంటే వరసగా చెబితే ‘ఆ ఇల్లు నా’ అన్నమాట! ఎవరిదో చెప్పేశాం కదా, ఇంకా ఆ ‘తో’ ఎందుకూ అంటే... వాళ్ళకది ఉండాల్సిందే. తీసేస్తే వాక్యం గుండు కొట్టించుకున్నట్టు ఉంటుంది. (అన్నట్టు, తనదైన ఇంటిని చెప్పే ఈ ‘స్పీతి’ గ్రీకువాళ్ళ సొంత మాట కాదు. అతిథులుండే బసకి లాటిన్‌లో ఉన్న పేరు నుంచి వచ్చింది!)

బట్టీ పట్టాల్సినవి ఎక్కువేం లేవు. ము- నా. సు- నీ. తు- అతని. తిస్- ఆమె. మస్- మా. సస్- మీ. తుస్- వాళ్ళ. పెద్దవాళ్ళనీ కొత్తవాళ్ళనీ ‘సు’ అనకూడదు, ఒక్కరే ఉన్నా ‘సస్’ అనాలి. ఆ మర్యాద మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ‘నీ పేరేంటి’కీ ‘మీ పేరేంటండీ’కీ ఉన్న తేడాయే కదా! ఒక్క ‘యూ’తో అందర్నీ పిలిచే ఇంగ్లిషువాళ్ళకి పాఠాలు పాఠాలు చెప్పాల్సి వచ్చే విషయం ఇది.

అలాగని తెలుగువాళ్ళు మరీ సంబరపడిపోనక్కర్లేదు. మనకోసం వేరే గొయ్యి ఉంది. మనం ‘నా అమ్మ’ అనం, ‘మా అమ్మ’ అంటాం. ఇంట్లో ఒక్కగానొక్క సంతానమైనా సరే మా అమ్మే, మా ఇల్లే, మా ఊరే. ఆ అలవాటు కొద్దీ గ్రీకులోనూ ‘మస్’ అనేశారో, ఎదుటివాళ్ళు మీ వెనక ఇంకెవరున్నారా అని చూస్తారు. అక్కడ ఒక్కరే మాట్లాడుతున్నప్పుడు అమ్మ ‘ఈ మితేరా ము’నే- నా అమ్మే. మస్ అంటే పక్కన అన్నయ్యో చెల్లెలో ఉన్నట్టు. అమ్మ సంగతి ఫర్వాలేదు. పార్టీలో ‘మా ఆవిడ’ని పరిచయం చేయబోయి ‘ఈ యినేకా మస్’ అంటే మాత్రం ‘మా అందరి భార్య’ అని చెప్పినట్టవుతుంది. ‘మావారు’ అనబోయే ఇల్లాలికీ ఇదే గతి. తెలుగు నుంచి గ్రీకులోకి వెళ్ళేవాళ్ళు ముందుగా మానుకోవాల్సింది ఈ ‘మా’నే.

మాస్టారు చెప్పారా... మాస్టారికి చెప్పారా?

ఈ ‘ము’కి సొంత బలం లేదు. ఒంటరిగా నిలబడలేదు. వాక్యం మొదట్లో రాదు. ముందున్న మాటని ఆనుకుని, దాంతో కలిసి ఒకే మాటలా వినిపిస్తుంది. అక్కడే ఒక చిక్కుంది. గ్రీకులో ప్రతి మాటలోనూ ఏదో ఒక అక్షరాన్ని నొక్కి పలకాలి. ఆ నొక్కు చివరి మూడు అక్షరాల్లోనే ఎక్కడో ఉండాలి, అంతకన్నా వెనక్కి పోకూడదు. ‘ఓనోమా’ అంటే పేరు. నొక్కు మొదటి ‘ఓ’ మీద ఉంది, సరిగ్గా చివర్నుంచి మూడోది. దానికి ‘ము’ని తగిలించగానే ‘ఓ’ నాలుగోదైపోతుంది. నియమం తప్పింది! అందుకని చివరి ‘మా’ మీద రెండో నొక్కు పుట్టుకొస్తుంది. ‘నా పేరు ఫలానా’ అనే మొదటి పాఠంలోనే కొత్త విద్యార్థి నాలుక మడతపడేది ఇందుకే.

రాసేటప్పుడు కూడా ఆ రెండో గుర్తు పెట్టాల్సిందే. రెండు వేల ఏళ్ళకి పైగా పేరుకున్న రకరకాల స్వరచిహ్నాల్ని గ్రీసు ప్రభుత్వం 1982లో ఎత్తేసి ఒకే ఒక్క గీత మిగిల్చింది. బడి పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ‘ము’ తెచ్చిపెట్టే ఈ రెండో గీతని మాత్రం ఎత్తేయలేకపోయింది. ఎందుకంటే, అది లేకపోతే అర్థం తారుమారవుతుంది.

‘దాస్కలోస్’ అంటే మాస్టారు. ‘ఈపె’ అంటే చెప్పారు. ‘ఓ దాస్కలోస్ ము ఈపె’ అన్న మాటల్నే తీసుకోండి. ‘దా’తోపాటు చివరి ‘లోస్’ని కూడా నొక్కితే ‘నా మాస్టారు చెప్పారు’ అని. ‘లోస్’ని వదిలేసి, ‘ము’ని తర్వాతి మాటకి అతికిస్తే ‘మాస్టారు నాకు చెప్పారు’ అని! అవే మాటలు, అదే వరస. రాతలో ఒక చిన్న గీత స్థానం మారింది, అంతే.

ఒకే మాట ‘నా’ ఎలా అయింది, ‘నాకు’ ఎలా అయింది? ప్రాచీన గ్రీకులో ‘నాకు’ అనడానికి వేరే విభక్తి ఉండేది. కాలక్రమంలో అది వాడుకలోంచి జారిపోయింది. దాని పని కూడా షష్ఠి నెత్తినే పడింది. ఇదేదో వింతలా అనిపిస్తే ఒక్కసారి మన బడి రోజులు గుర్తుచేసుకోండి. ‘కి, కు, యొక్క, లో, లోపల...’ అంటూ తెలుగు మాస్టారు బట్టీ పట్టించింది ఏ విభక్తి? షష్ఠే కదూ! నాకులో ఉన్న ‘కు’నీ, నా యొక్కలో ఉన్న ‘యొక్క’నీ మన వ్యాకరణవేత్తలు కూడా ఒకే గాటన కట్టారు. గ్రీకు ‘ము’ చేస్తున్నది ఆ రెండు పనులే. చిత్రమేమిటంటే, ఉత్తర గ్రీసులోని థెస్సలోనికీవాళ్ళకి ఈ బాధే లేదు. అక్కడి వాడుకలో ‘నాకు చెప్పారు’ అనడానికి ‘ము’ బదులు ‘మె’ అంటారు. ‘నన్ను చెప్పారు’ అన్నట్టు. ఏథెన్సువాళ్ళు దాన్ని ఎగతాళి చేస్తుంటారు. అర్థం తేలిపోవడంలో మాత్రం థెస్సలోనికీదే పైచేయి.

సంస్కృతం కాస్తో కూస్తో తెలిసినవాళ్ళకి ‘ము’ ఇంకా సులువు. పూజ చేసుకునేటప్పుడు వినిపించే ‘మే’ గుర్తుందా? దానికీ ‘నా’ అని ఒక అర్థం, ‘నాకు’ అని ఇంకో అర్థం. అదీ వాక్యం మొదట్లో రాకూడదనే పాణిని నియమం. గ్రీకూ సంస్కృతమూ ఒకే తల్లి వేరు నుంచి వచ్చినవి కదా, ఆ పోలికలు పోతాయా! 1786లో గ్రీకు వర్తకుల పిల్లలకి పాఠాలు చెప్పడానికి కలకత్తా వచ్చిన దిమిత్రియోస్ గలానోస్ అనే ఏథెన్సువాసి తర్వాత కాశీ చేరాడు. సంస్కృతం నేర్చుకున్నాడు. భగవద్గీతని గ్రీకులోకి అనువదించాడు. 1833లో చనిపోయేదాకా కాశీ విడిచి వెళ్ళలేదు.

‘మా’ ఏదో... ‘మీ’ ఏదో!

ఇప్పుడు అసలు గందరగోళంలోకి వద్దాం. రేపట్నుంచి తెలుగులో ‘మా’, ‘మీ’ రెండూ ఒకేలా పలుకుతాయనుకోండి. ‘మా పొలం’ అని ఒకాయన అంటే ‘మీ పొలం’ అని ఇంకొకాయన వింటాడు. ‘మీ బాకీ తీరిపోయింది’ అంటే ఎవరి బాకీ? ఎన్ని కొంపలు మునుగుతాయో ఊహించుకోవచ్చు. సరిగ్గా ఇదే గ్రీకు భాషకి నిజంగా జరిగింది.

ప్రాచీన గ్రీకులో ‘మా’ని ‘హేమోన్’ అనేవారు. ‘మీ’ని ‘హ్యుమోన్’ అనేవారు. రెండింటికీ తేడా మొదటి అచ్చు ఒక్కటే. శతాబ్దాలు గడిచేకొద్దీ గ్రీకు అచ్చులు ఒక్కొక్కటీ ‘ఇ’ వైపు జరగడం మొదలుపెట్టాయి. మొదట్లోని హకారమూ పోయింది. రోమన్ల కాలానికే ‘హే’ చాలాచోట్ల ‘ఇ’ అయిపోయింది. ‘హ్యు’ ఇంకొన్నాళ్ళు బెట్టు చేసి, పదో పదకొండో శతాబ్దానికి అదీ లొంగిపోయింది. ఇక మాదీ ‘ఇమోన్’, మీదీ ‘ఇమోన్’!

దీని జాడలు ఎక్కడ దొరుకుతాయో తెలుసా? బైబిల్ పాత రాతప్రతుల్లో. కొత్త నిబంధన మొదట రాసింది గ్రీకులోనే. అచ్చుయంత్రం లేని ఆ రోజుల్లో లేఖకులు చేత్తో నకళ్ళు రాసేవారు. ఒకరు చదువుతుంటే విని రాసినా, తానే చదువుకుని మనసులో అనుకుంటూ రాసినా, చెవికి రెండూ దాదాపు ఒకేలా ఉన్నాక పొరపాటు రాకుండా ఎలా ఉంటుంది? అందుకే ఒక ప్రతిలో ‘మా’ ఉన్నచోట ఇంకో ప్రతిలో ‘మీ’ కనిపిస్తుంది. ఇలాంటి చోట్లు ఒకటీ రెండూ కాదు. యోహాను రాసిన మొదటి లేఖ ప్రారంభంలో, ఈ సంగతులు ఎందుకు రాస్తున్నామో చెప్పే మాట ఉంది- సంతోషం నిండుగా ఉండాలని. ఎవరి సంతోషం? 1611 నాటి ఇంగ్లిషు బైబిల్ ‘మీ’ సంతోషం అంది. ఇరవయ్యో శతాబ్దపు అనువాదాలు చాలావరకు ‘మా’ సంతోషం అన్నాయి. రెండింటి వెనకా పాత గ్రీకు ప్రతులున్నాయి. తేడా ఒక్క అక్షరం. పండితులు ఏది అసలుదో తేల్చడానికి ఏ ప్రతి ఎంత పాతది, ఎక్కడ రాశారు, లేఖకుడి అలవాట్లేంటి అని తరాల తరబడి లెక్కలు కడుతూనే ఉన్నారు.

పుస్తకాల్లో అంటే పండితులు చూసుకుంటారు. మరి బజార్లో, ఇంట్లో? మాట్లాడే జనం పండితుల కోసం ఆగలేదు. ఎలాగూ ‘నా’కి ము, ‘నీ’కి సు ఉన్నాయి. ఆ ‘మ’నీ ‘స’నీ అలాగే ఉంచి బహువచనాలు తయారుచేసేశారు. అవే నేటి మస్, సస్. ఇక అచ్చులు ఎంత జారినా ఫర్వాలేదు. హల్లు చెబుతుంది ఎవరిదో.

ఇక్కడ తెలుగు వైపు చూస్తే కాస్త గుబులు పుడుతుంది. నా, నీ, మా, మీ. మనకి ‘న’ అయితే ఒక్కరు, ‘మ’ అయితే పలువురు. కానీ నాదా నీదా అని చెప్పేది ఒక్క అచ్చే. ‘ఆ’ అయితే ఇటు, ‘ఈ’ అయితే అటు. పాత గ్రీకుదీ సరిగ్గా ఈ ఏర్పాటే! అయితే మన ‘ఆ’, ‘ఈ’లు నోట్లో చెరో కొసనా ఉన్న అచ్చులు. అంత తేలిగ్గా కలిసిపోయేవి కావు లెండి.

గ్రీకులో లేనిది మన దగ్గర ఇంకోటుంది. మన. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘మన’, కలుపుకోకపోతే ‘మా’. గ్రీకులో రెండింటికీ ఒకటే మాట. గ్రీకు నుంచి తెలుగులోకి తెచ్చేవాళ్ళకి అడుగడుగునా ఇదో పరీక్ష. పంతొమ్మిదో శతాబ్దం మొదటి నుంచీ కొత్త నిబంధనని తెలుగు చేసినవాళ్ళంతా ఈ పరీక్ష రాసినవాళ్ళే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో దేవుణ్ణి పిలవాలి. ‘మన తండ్రీ’ అంటే దేవుడు తనకి తానే తండ్రి అయిపోతాడు. కాబట్టి ‘మా తండ్రీ’ అన్నారు. అక్కడ సులువే. కానీ ఒక ఊరి విశ్వాసులకి రాసిన ఉత్తరంలో అదే మాట వస్తే? రాసేవాడు ఆ ఊరివాళ్ళని కలుపుకుంటున్నాడా, పక్కన పెడుతున్నాడా? గ్రీకు మూలం ఆ సంగతి చెప్పదు. తెలుగులో చెప్పకుండా కుదరదు.

నూనె బుడ్డి మీద పేరు

స్టీలు గిన్నె కొనగానే దానిమీద పేరు కొట్టించడం మన ఇళ్ళలో ఆనవాయితీ. పెళ్ళిళ్ళలో ఇచ్చిపుచ్చుకునే సామాను మీదైతే చెప్పనే అక్కర్లేదు. గ్రీకులు రాత నేర్చిన తొలినాళ్ళలో చేసిన పనుల్లో ఇదీ ఒకటి. ఇటలీలో నేపుల్స్ దగ్గర కూమై అనే పాత గ్రీకు స్థావరంలో ఒక చిన్న నూనె బుడ్డి దొరికింది. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దానిది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానిమీద ఆ బుడ్డే మాట్లాడుతున్నట్టు రాసి ఉంది... తాను తతాయే అనే ఆమె సొత్తునని, తనని దొంగిలించినవాడికి కళ్ళు పోతాయని! రెండువేల ఆరువందల ఏళ్ళు దాటినా తతాయే ఎవరో ఇంకే వివరమూ తెలీదు. ఆ బుడ్డి ఆమెది అన్న ఒక్క సంగతే మిగిలింది.

నావాడు, నాది, నావాళ్ళు

‘నా పుస్తకం’ వేరు, ‘ఆ పుస్తకం నాది’ వేరు. ఈ రెండో అవసరానికి గ్రీకువాళ్ళు ‘దికోస్’ అనే మాట తెచ్చి ‘ము’కి ముందు చేరుస్తారు. మగ మాటకైతే దికోస్ ము, ఆడ మాటకైతే దికీ ము, మిగతావాటికి దికో ము. చెప్పే మనిషిని బట్టి కాదు, చెప్పబడే వస్తువుని బట్టి మాట మారుతుంది. ఇంగ్లిషువాళ్ళు తల పట్టుకుంటారు కానీ మనకిదేం కొత్త కాదు. నావాడు, నాది, నావి, నావాళ్ళు... మనమూ చేసేదదే. ‘ఈ దికీ ము’ అంటే ‘నావాళ్ళు’. అమ్మానాన్నలూ అయినవాళ్ళూ అని అర్థం. ‘దికోస్ మస్’ అంటే అచ్చంగా ‘మనవాడే’! ఆఫీసులో పని కావాల్సి వచ్చినప్పుడు కౌంటర్ అవతల ‘మనవాడు’ ఎవరైనా ఉన్నాడా అని వాకబు చేయడం గ్రీసులోనూ ఉన్న అలవాటే. ‘మన’ అన్న మాట లేకపోయినా మనవాడు మాత్రం ఉన్నాడు.

వాళ్ళకి నిజంగా లోటు అనిపించేది ‘తన’. యానిస్ తన తల్లిని ప్రేమిస్తాడు, యానిస్ అతని తల్లిని ప్రేమిస్తాడు- ఈ రెండూ మనకి వేర్వేరు కథలు. గ్రీకు వాడుకలో రెండింటికీ ‘తు’నే. పాత గ్రీకులో ‘తన’ లాంటి మాట ఉండేది. ఇప్పుడు మరీ అనుమానం వచ్చినచోట ‘దికీ తు’ అని నొక్కి చెప్పుకుంటారు.

అమ్మాయి ఇంటిపేరు

‘ఎవరివాడివి?’ అని అడిగితే పిల్లాడు ఒకసారి జవాబు చెప్పి ఆటల్లో పడిపోతాడు. ఆడపిల్లకి అలా కాదు. ఆ జవాబు ఆమె పేరులోనే ఉండిపోతుంది. గ్రీకు ఇంటిపేర్లలో ఇదో విశేషం. తండ్రి పాపాదోపులోస్ అయితే కొడుకూ పాపాదోపులోసే. కూతురు మాత్రం పాపాదోపులు. అంటే షష్ఠీ విభక్తి- ‘పాపాదోపులోస్ గారి’ అమ్మాయి. పెళ్ళయ్యాక భర్త ఇంటిపేరు, అదీ షష్ఠిలోనే. ఒకరి ‘యొక్క’ నుంచి ఇంకొకరి ‘యొక్క’లోకి!

1983లో కుటుంబ చట్టాన్ని మార్చి, పెళ్ళయినా ఆడవాళ్ళకి పుట్టింటి పేరే ఉంటుందని గ్రీసు తేల్చింది. దాంతో రెండో ‘యొక్క’ పోయింది. మొదటిది మాత్రం వ్యాకరణంలో ఉంది, చట్టంలో కాదు. నటిగా వెలిగి, 1981లో సంస్కృతిశాఖ మంత్రి అయిన మెలీనా మెర్కూరి తండ్రి పేరు మెర్కూరిస్. 2020లో గ్రీసుకి తొలి మహిళా అధ్యక్షురాలైన కాతెరీనా సకెలారోపులు తండ్రి సకెలారోపులోస్. అయిదేళ్ళపాటు దేశాధినేతగా సంతకం చేసిన ప్రతిసారీ ఆవిడ రాసింది వ్యాకరణం ప్రకారం ‘సకెలారోపులోస్ గారి’ అనే. అక్కడెవరూ దాన్ని అలా విడదీసి చూడరు. వాళ్ళకది పేరంతే. కొత్తగా పాఠాలు మొదలుపెట్టి, ఆ ‘ఉ’ ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచించేవాళ్ళకే అది కనిపిస్తుంది.

పాఠ్యపుస్తకం ఎంత కష్టపెట్టినా ‘ము’ నేర్చుకోవడానికి గ్రీకు వీధులే మంచి బడి. కూరగాయల కొట్టు ఆవిడ ముక్కూమొహం తెలియని మనిషికి టమాటాలు తూచి ఇస్తూ ‘క్రిసో ము’ అంటుంది. నా బంగారం అని! బిడ్డని ‘పెది ము’ అంటారు- నా బిడ్డా అని. ముద్దొస్తే ‘మాత్యా ము’. అంటే నా కళ్ళు. మనం ‘నా కన్నే’ అన్నట్టు. ఇలా పిలిచేటప్పుడు ముందుండే ఓ, ఈ, తోలు ఏవీ రావు. నొక్కుల లెక్కలూ గుర్తుండవు. పరీక్షలో ‘ము’ని ఎక్కడ పెట్టాలో తడుముకున్న విద్యార్థికి కూడా, మూడు రోజులు ఆ కొట్టుకి వెళ్ళొచ్చేసరికి అది దానంతటదే మాట వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది.